పెడల్ అడుగున టేపు

పోటీకి వారం ముందు, "నాకు విసుగొచ్చింది, ఇంక నువ్వే వాయించు" అని అన్నయ్య తన డ్రమ్స్ నాకు అంటగట్టాడు. ఓడిపోయాం. రెండు నెలలుగా వాడితో నాకు మాటల్లేవు, దెప్పుళ్ళే.

ఇవాళ పెద్ద డ్రమ్ము పెడల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత తొక్కినా దెబ్బలో బలం లేదు. డ్రమ్మును కొట్టే సుత్తి గబుక్కున వెనక్కి రాదు. స్ప్రింగు అంత వదులుగా ఉంది; కాలు ఆనిస్తే చాలు, పెడల్ దిగిపోతుంది.

"దీనికీ నీ బద్ధకమే అంటుకుంది. ఆ మంచం దిగితే అరిగిపోతావా?" అన్నాను.

"బిగించుకోవే. ఏనుగు కాళ్ళు నీవి, నీకేం!" అన్నాడు అన్నయ్య, దుప్పటి లాక్కుంటూ.

స్ప్రింగు మర ఎప్పుడు ఎన్ని చుట్లు తిప్పాడో పెడల్ అడుగున టేపు అంటించి రాసుకోవడం వాడి అలవాటు. పాత కొలత కోసం పెడల్ తిరగేసి చూశాను.

"జూన్. కుడికాలు బరువుగా ఉంది. ఒక చుట్టు వదులు."

"ఆగస్టు. ఇది తగ్గేది కాదన్నాడు డాక్టరు. ఇంకో రెండు చుట్లు."

చివరిది పోటీకి పది రోజుల ముందు రాసింది. "ఇంక వదులు చేయడానికి చుట్లు లేవు. చెల్లి వాయించాలి. ఇంట్లో అప్పుడే చెప్పకూడదు."

"ఏమే, అయిందా?" అన్నాడు.

"బిగిస్తున్నా."

"గట్టిగా బిగించు. కొడితే నా మంచం అదరాలి."

మర తిప్పడం మొదలుపెట్టాను. వాడు వదులు చేసిన చుట్లన్నీ ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చి, పెడల్‌ను డ్రమ్ముకు తగిలించి, దాని మీద కాలు వేసి వాయించాను. మంచం నిజంగానే అదిరింది.

దుప్పటి కింద వాడి ఎడమకాలు ఒక్కటే తాళం వేస్తోంది.