మోచేతి పోటు

టైలరు చొక్కా చేతికి ఎవరిదో ప్యాంటు కుట్టుకుపోయి వేలాడుతోంది. అలాగే డాక్టరు ముందు కూర్చున్నాడు.

"మిషను మీదే కునుకు పట్టేసింది సార్. తప్పు మా ఆవిడది. రాత్రంతా మోచేత్తో పొడుస్తుంది. మందు ఆవిడకివ్వండి."

"గురక భరించలేకా అమ్మా?" డాక్టరు పక్కనే కూర్చున్న భార్యనడిగాడు.

"గురకకి హాయిగా నిద్రపోతానండీ. అది ఆగితేనే మెలకువొస్తుంది. ఊపిరీ ఆగిపోయుంటుంది. పొడిస్తే మళ్లీ తీసుకుంటారు."

డాక్టరు చీటీ మీద టైలరు పేరే రాశాడు. "జబ్బు మీదేనయ్యా. నిద్రలో ఊపిరి ఆగుతోంది. అందుకే పగలు ఈ తూగు. వారంలో పరీక్ష చేసి, రాత్రిళ్లు ఊపిరి ఆగకుండా గాలి మిషను పెడదాం."

టైలరు పక్కటెముకలు మెల్లగా తడుముకున్నాడు.

"ఇటువైపు వాచిపోయిందే," అన్నాడు భార్యతో. "ఈ వారం అటు మారి పడుకుంటాను. పొడవడం మాత్రం మానకు."