ఇంగ్లండ్‌లో నెగ్గుతుందా?

"మా గ్లాస్గో రేంజర్స్ ఇంగ్లండ్ లీగ్‌లో ఆడితే నెగ్గుతుందా, నెగ్గదా? మధూ, నువ్వు చెప్పు."

సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అప్పుడే మీటింగు ముగిసింది. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, స్కాట్లాండ్ నుంచి వచ్చిన డైరెక్టరు మెక్‌లీన్ ఉన్నట్టుండి అడిగాడు. మధుసూదనరావు నోట్లో బిస్కెట్ ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"నెగ్గుతుంది సార్. బౌలింగ్ కొంచెం మెరుగుపడితే చాలు."

ఫుట్‌బాల్ జట్టుకి బౌలింగేమిటని గదంతా గొల్లున నవ్వింది. మెక్‌లీన్ మాత్రం నవ్వలేదు. "శుక్రవారం మనిద్దరం లంచ్‌కి వెళ్దాం. లండన్ పోస్టు సంగతి కూడా తేల్చాలి," అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మధుసూదనరావు బెంగంతా ఆ లండన్ పోస్టు గురించే. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచి, కంపెనీ లండన్‌లో కొత్త ఆఫీసు తెరుస్తోంది. ఇక్కణ్ణుంచి ఒక్కరికే అవకాశం. ఆ ఒక్కడూ తానేనని అతను చుట్టాలందరికీ చెప్పేసుకున్నాడు. బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో భార్య ధనశ్రీ అప్పుడే ఉన్నికోటు కొని, ఫ్యాను కింద తొడుక్కుని చూసుకుంటోంది. పోటీ అంటూ ఉంటే డేటాబేస్ టీమ్‌లో వికాస్ ఒక్కడే. ఆ వికాస్‌కి ఫుట్‌బాల్ కొట్టిన పిండి.

మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కాత్యాయని ఎదురుగా కూలబడ్డాడు. టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తుందామె. తాతల నాడే విశాఖ నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడిన కుటుంబం. మాట చివర 'లాహ్' అనే అక్కడి యాస కూడా అబ్బింది. ఇంటినిండా అన్నదమ్ములు, పొద్దస్తమానం టీవీలో ఫుట్‌బాల్.

"కాత్యాయనీ, నువ్వే నన్ను గట్టెక్కించాలి."

"బౌలింగ్ ఎక్కడిది లాహ్, మధు గారూ? ముందు మకాన్ కానివ్వండి. ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదు."

అతను నూడుల్స్ గబగబా మింగాడు. ఆమె మొదలుపెట్టింది.

"స్కాట్లాండ్‌లో పెద్ద క్లబ్బులు రెండే. రేంజర్స్, సెల్టిక్. కప్పు ఎప్పుడూ వీళ్ళకో వాళ్ళకో. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఇంగ్లండ్ వాళ్ళు వెక్కిరిస్తారు."

"అయితే స్కాట్లాండ్ వాళ్ళెవరూ ఇంగ్లండ్‌లో నెగ్గలేదా?"

"జట్లని నడిపే మేనేజర్ల కథ వేరు. కిందటేడు మాంచెస్టర్‌కి మూడు కప్పులు తెచ్చినాయన స్కాట్లాండ్ మనిషే. అంతకుముందు లివర్‌పూల్‌ని నిలబెట్టినాయన కూడా అక్కడివాడే. మనుషులు వెళ్ళి నెగ్గారు. క్లబ్బులు ఆ లీగ్‌లోకి వెళ్ళనేలేదు, ఇంక ఎవరు చెప్పగలరు?"

"అయితే నెగ్గి తీరుతుందని చెప్పేస్తా."

కాత్యాయని గ్లాసులో ఐసుని స్ట్రాతో తిప్పింది.

"అది అందరూ చెప్పేదే. మీరు ఇంకో మెట్టెక్కండి. అసలు రేంజర్స్ ఇంగ్లండ్ ఎందుకెళ్ళాలి అనండి. సొంతగడ్డ మీద రాజుగా ఉన్నవాడికి పక్కవాడి మెప్పు దేనికి అనండి. ఆయన వెన్నలా కరిగిపోతారు."

"నీకెలా తెలుసు?"

"నన్నూ అడిగారు మొన్న. నేను చెప్పింది ఆయనకి నచ్చలేదు. ముఖం ఇంత చేసుకున్నారు. అందుకే మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమంటున్నా."

మధుసూదనరావుకి ఆమె మీద జాలేసింది. పాపం, లౌక్యం తెలియని పిల్ల.

శుక్రవారం దాకా ఉన్న రెండ్రోజులూ ఇంట్లో అద్దం ముందు నిలబడి ఒకటే సాధన. ధనశ్రీ చూసి చూసి అడిగింది.

"ఇంగ్లండ్ ఎందుకెళ్ళాలి, ఇంగ్లండ్ ఎందుకెళ్ళాలి అని అంతలా అరుస్తున్నారు. మనం వెళ్ళాలనుకుంటోంది అక్కడికే కదండీ?"

"అది ఫుట్‌బాల్. ఇది ఉద్యోగం. రెంటికీ ఏమిటే సంబంధం?"

శుక్రవారం లంచ్‌లో మెక్‌లీన్ ఫోర్కు పట్టుకుని మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. మధుసూదనరావు గొంతు సవరించుకున్నాడు.

"నెగ్గుతుందా లేదా అన్నది కాదు సార్. అసలు ఎందుకెళ్ళాలి? సొంతింట్లో పంక్తికి మొదట కూర్చునేవాడు, పక్కింటికెళ్ళి చివర్న విస్తరి వేయించుకోవాలా? ఇంగ్లండ్ ఛాంపియన్లయిన లీడ్స్‌ని తొంభై రెండులో యూరప్ కప్పులో రేంజర్స్ రెండుసార్లు ఓడించింది కదా. పాసైనవాణ్ణి మళ్ళీ పరీక్ష రాయమంటే ఎలా? ఉన్నచోట విలువున్నవాడు ఉన్నచోటే ఉండాలి సార్."

మెక్‌లీన్ ఫోర్కు కింద పెట్టేశాడు. పళ్ళెంలో చేప చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. "మా నాన్న కూడా అచ్చం ఇదే అనేవాడు," అంటూ బల్ల మీదుగా చెయ్యి చాపి, మధుసూదనరావు చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "ఈ ఆఫీసులో నా మనసు తెలిసినవాడివి నువ్వొక్కడివే."

మధుసూదనరావు అప్పటికే విమానంలో కిటికీ పక్క సీట్లో ఉన్నాడు. వినయంగా గుర్తుచేశాడు. "సార్, ఆ లండన్ పోస్టు..."

"అక్కడికే వస్తున్నా. నిన్నే పంపుదామనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎవరేం చెప్పినా పంపను. నీలాంటివాణ్ణి వదులుకుంటే నేనెవరితో మాట్లాడుకోవాలి? ఇకమీదట ప్రతి శుక్రవారం మన లంచ్ ఇక్కడే."

మధుసూదనరావు మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేశాడు. అప్పుడు అడిగాడు.

"అయితే వికాస్ వెళ్తాడా సార్?"

"వికాస్ కూడా మంచివాడే, ఎందుకు పంపుతాను?" మెక్‌లీన్ ముఖం చిట్లించాడు. "ఆ కాత్యాయనిని పంపేస్తున్నా. రేంజర్స్ ఇంగ్లండ్ వెళ్తే అట్టడుగున తేలుతుందని నా ముఖం మీదే అంది. రోజూ ఆ మనిషిని ఎదురుగా చూస్తూ పనిచెయ్యడం నా వల్ల కాదు."