దేవరాపల్లి పార్సర్

"ఈ పూటా నా పేరు రానేదా తల్లీ?"

మిల్లు ఆఫీసు కిటికీ చువ్వలు పట్టుకుని అడిగింది అచ్చియ్యమ్మ. సోమవారం మొదలెట్టి ఈ శనివారానికి ఆవిడ దేవరాపల్లి నుంచి చోడవరం రావడం ఇది నాలుగోసారి. ఉన్నది ఎకరన్నర చెరకు, అదీ పూతకొచ్చేసింది. మిల్లు కటింగ్ ఆర్డరు ఇస్తే గానీ కత్తి పెట్టడానికి లేదు.

"కంప్యూటర్లో తప్పొచ్చింది పెద్దమ్మా. చూస్తన్నాను," అంది ప్రవల్లిక. ముసలావిడ మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

"రోజూ ఇదే మాట సెప్తన్నావు. ఎండిపోయినాక ఆ సెరుకు పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తాది?"

కటింగ్ ఆర్డర్లు వేసే ప్రోగ్రాం రాసింది తనే. వడ్డాది వైపు సిబ్బంది పంపే మెసేజీలు ఒక తీరు, దేవరాపల్లివి ఇంకో తీరు. వాటిని చదివి రైతుల వరస తయారుచెయ్యడానికి పార్సర్లనే రెండు ప్రోగ్రాం ముక్కలు కావాలి. రెండింటినీ కోడ్ రాసిపెట్టే ఒక టూల్‌తో పుట్టించింది. విడివిడిగా చక్కగా పనిచేశాయి. ఒకే ప్రోగ్రాంలో కలిపాక మాత్రం దేవరాపల్లి రైతుల్లో ఒక్కరి పేరూ వరసలోకి ఎక్కలేదు. ఖర్మ కాకపోతే పది రోజులుగా నూట పన్నెండు మంది చెరకు నిలువునా ఎండుతోంది!

చెరకు మేనేజరు గణపతిరావు తొంగిచూశాడు.

"ఏమ్మా, దొరికిందా?"

"చూస్తున్నానండీ."

"మొహం చూడు ఎలా పీక్కుపోయిందో! ముందు రెండు ముద్దలు తిను తల్లీ."

క్యారేజీ విప్పింది. తినకుండానే మళ్ళీ మూత పెట్టేసింది. అంతలో నాన్న బంగార్రాజు వడ్డాది నుంచి ఫోను.

"ఒసే గుంటా, మన సెరుకైపోయింది! ఆఖరి లారీ ఇప్పుడే కాటా దాటీసింది. దేవరాపల్లోళ్ళు వరసలో నేరు కాబట్టి సరిపోయింది. ఉంటే మన వంతు వచ్చే నెలకి గానీ వచ్చీది కాదు, అప్పటికి మొత్తం ఎండిపోయీది. పాపం, ఆళ్ళదేటైనా తేలిందా?"

"తేలుతాది నాన్నా," అని ఫోను పెట్టేసి, చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

మూత పెట్టిన క్యారేజీ అలాగే వదిలేసి గణపతిరావు గదికి వెళ్ళింది.

"దొరికిందండీ. ఆ టూల్ తను పుట్టించే పార్సర్లన్నిటికీ ఒకే పేరు పెడుతుంది. రెండూ ఒకచోట చేరేసరికి, ఎవర్ని పిలిచినా వడ్డాదిదే పలుకుతోంది. దేవరాపల్లి మెసేజీలు దానికి అర్థంకాక పక్కన పడేస్తోంది. రెండోదానికి వేరే పేరు పెట్టేశాను."

"హమ్మయ్య! ఇంత చిన్నదానికి ఎంత కష్టపడ్డావమ్మా!"

సంగతి తెలిసి అచ్చియ్యమ్మ కిటికీ అవతల రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "సగమైనా దక్కుతాది. నీ కడుపు సల్లగుండ తల్లీ!"

ఆ తప్పు ప్రవల్లికకి సోమవారమే దొరికింది.