ఆలస్యంగా పడిన గేటు

“మల్ల లేసింది, సూడు!”

శ్రీకాంత్ బల్ల కిందినుంచి తల బయటపెట్టి చూశాడు. బొమ్మ పట్టాలకు అడ్డంగా పడి ఉండాల్సిన ఎర్ర తెల్ల చారల గేటు నిటారుగా నిలబడి ఉంది. రిమోట్ బావ సుదర్శన్ చేతిలో ఉంది.

“నేను గేటు ముట్టుకోనే లేదు. సిగ్నల్ పచ్చ చేసిన, గంతే.”

“జర ఆగు బావ. మొదలు వైర్లు చూస్త.”

సుదర్శన్‌కు బొమ్మ రైళ్ల పిచ్చి పెళ్లికి ముందునుంచే ఉంది. సుబేదారిలోని ఆ మేడమీది ఇంట్లో ముందుగది సగం ఆ బల్లే ఆక్రమించింది. ఒకప్పుడు దానిమీద కొండలు, సొరంగం, స్టేషను ఉండేవి. కూతురు పూజ బడినుంచి రాగానే విజిల్ ఊదుతూ దాని చుట్టే తిరిగేది. పూజ పోయాక అతను అవన్నీ పీకేశాడు. వాటి స్థానంలో ఊరి బయటి రైల్వే గేటును మాత్రమే కట్టాడు. రోడ్డు వంపు, గేటుమన్ గది, దాని పక్క తుమ్మచెట్టు అచ్చం అలాగే దిగిపోయాయి. పూజ చనిపోయింది ఆ గేటు దగ్గరే.

మరునాడే విచారణ. గేటు ఆలస్యంగా వేశాడని పని పోగొట్టుకున్న గేటుమన్ గట్టయ్య, తన తప్పేమీ లేదని మళ్లీ అర్జీ పెట్టుకున్నాడు.

“నోటితోటి చెప్తే సార్లకు సమజ్ గాదు. ఎట్ల జరిగిందో కండ్లకు చూపియ్యాలె,” అన్నాడు సుదర్శన్.

హన్మకొండలో ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు నడిపే శ్రీకాంత్ అందుకే ఆ రోజు షాపు మూసి వచ్చాడు. మేనకోడలిని ఎత్తుకుని తిరిగిన చేతులు అవి. గట్టయ్య పేరు వింటేనే అతనికి ఒళ్లు మండుతుంది.

మీటరు పెట్టి చూశాడు. వైర్లు బాగున్నాయి, కరెంటూ సరిగానే వస్తోంది.

“బావ, గేటు డీకోడర్‌కు ఏం నంబర్ ఇచ్చినవ్?”

“ఐదు.”

“సిగ్నల్‌కు?”

సుదర్శన్ నుదురు రుద్దుకున్నాడు. “మొన్ననే కొత్తది బిగించిన. దానికి నంబర్ ఇచ్చినట్టు యాదికి లేదు.”

శ్రీకాంత్‌కు విషయం అర్థమైంది. రిమోట్ ఆజ్ఞను అందుకుని గేటునో సిగ్నల్‌నో కదిలించే చిన్న పెట్టె డీకోడర్; బల్ల కింది ప్రతిదానికీ విడిగా ఒక నంబరుండాలి. రిమోట్ ఆ నంబరును పిలిస్తేనే అది పలకాలి. కొత్తదానికీ ఐదే పడి ఉంటుంది. సిగ్నల్‌ను పిలిస్తే గేటు కూడా పలుకుతోంది.

అంతలో కింద వాకిట్లో ఎవరో పిలిచారు. శ్రీకాంత్ దిగి వెళ్లాడు. మెట్ల దగ్గర మొగిలమ్మ నిలబడి ఉంది. గట్టయ్య భార్య. అతని పని పోయిననాటి నుంచి ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఊడుస్తోంది. ఆ ఘాటుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి, మాటకు ముందే దగ్గు వస్తోంది.

“బిడ్డా, అమ్మతోటి ఒక్క మాట మాట్లాడనియ్యి. ఆనాడు ఆమె సుత బండి మీదనే ఉండె గదా. మా ఆయన తిండి తింటలేడు. అబద్ధమాడే మనిషి గాదు ఆయన.”

“మా అక్కకు ఏం యాదికి లేదు. తలకు దెబ్బ తాకింది,” అన్నాడు శ్రీకాంత్. మొదటి విచారణలో సుదర్శన్ కూడా తన భార్య పక్కన నిలబడి అధికారులకు ఆ మాటే చెప్పాడు.

“ఒక్కసారి అడుగు బిడ్డా. నీ కాల్మొక్త.”

“మా పోరిని మింగింది సాలదా? ఇంకోసారి ఈ గడప తొక్కినవంటే బాగుండదు!”

మొగిలమ్మ వంగబోయిన నడుము అలాగే ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వెళ్లిపోయింది. శ్రీకాంత్ పైకి వచ్చేసరికి లోపలి గది గుమ్మంలో అక్క సుకన్య నిలబడి ఉంది. ప్రమాదంలో విరిగిన కాలు ఈడుస్తూ అక్కడిదాకా వచ్చినట్టుంది. అన్నీ వినే ఉంటుంది. పూజ పోయాక ఆమె మాటలు ఆకలికీ, మందులకే మిగిలాయి.

శ్రీకాంత్ కొత్త డీకోడర్ మీది బటన్ నొక్కిపట్టి, రిమోట్‌లోంచి ఆరో నంబరు పంపాడు. బొమ్మ ఇంజను కదిలింది. గేటు పడింది, సిగ్నల్ పచ్చబడింది, రైలు సాఫీగా దాటిపోయింది.

“అయిపాయె బావ!”

సుదర్శన్ ముఖంలో సంతోషం లేదు. “ఇట్ల గాదు. ఆనాడు పడ్డట్టు పడాలె. రైలు దగ్గరికొచ్చి, మా బండి పట్టాల మీదికెక్కినంక పడాలె.”

శ్రీకాంత్ గేటుకు ఆలస్యం పెట్టాడు. సుదర్శన్ ఒక చిన్న స్కూటర్ బొమ్మను పట్టాల మధ్య నిలబెట్టాడు. రైలు వచ్చి దాన్ని పడగొట్టింది. ఆ తర్వాతగానీ గేటు కిందికి రాలేదు.

“గిట్లనే,” అని సుదర్శన్ ముఖం కప్పుకున్నాడు. “అచ్చం గిట్లనే.”

శ్రీకాంత్ బావ భుజం మీద చేయి వేశాడు. కాసేపటికి సుదర్శన్ కళ్లు తుడుచుకుని, బల్లను తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో మాట్లాడి వస్తానని కిందికి దిగాడు.

సుకన్య మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఫికర్ జెయ్యకు అక్కా,” అన్నాడు శ్రీకాంత్. “రేపు ఇది చూసినంక ఆ గట్టయ్యకు ఇగ నోరు లేవదు.”

ఆమె పడిపోయిన స్కూటర్‌ను ఏరి, మూసి ఉన్న గేటుకు ఇవతల, రోడ్డు మీద పెట్టింది.

“అట్ల గాదక్కా, బండి లోపలుండాలె.”

సుకన్య తమ్ముడి ముఖంలోకి చూసింది.

“పడ్డ గేటు కిందికెల్లి మీ బావనే బండి దూర్చిండు.”