జేబులో అదే ఉంది

జేబుకత్తి పోయిన రోజు కళ్ళజోళ్ళ షాపాయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అది కొన్న కత్తి కాదు, చేసుకున్న కత్తి. సాయంత్రాలు షాపు వెనకగదిలో కూర్చుని, ఉక్కు ముక్క కోసి, అరగదీసి, చెక్క పిడి తొడిగి చేసిన మడత కత్తి. అరచేతిలో ఇమిడిపోతుంది. భార్య పోయాక పట్టుకున్న పిచ్చి అది. తనకొకటి చేసుకున్నాక అక్కకిచ్చాడు, బావకిచ్చాడు, పక్కషాపు దర్జీకిచ్చాడు, వద్దన్నవాళ్ళక్కూడా ఇచ్చాడు.

కత్తితోపాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు.

"కత్తంటే బీరువాలో ఉండేది కాదు. జేబులో ఉండాలి. రోజూ పనికి రావాలి."

ఆ చిరాకులో ఉండగానే ఫిర్యాదు వచ్చాడు.

ఫిర్యాదు ఆయన పేరు కాదు, షాపాయన మనసులో పెట్టుకున్న పేరు. ఎప్పుడో కళ్ళజోడు కాడ విరిగి షాపుకొచ్చిన మనిషి. బల్ల మీద కత్తి చూసి ముచ్చటపడితే, షాపాయన మురిసిపోయి ఇచ్చేశాడు. అప్పట్నుంచీ ఫిర్యాదు వదల్లేదు. ఒకసారి మొన విరిగిందన్నాడు. ఒకసారి పిడి అంచు అరచేతిని ఒరుస్తోందన్నాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక.

"ఈసారేంటండీ?"

"సీల వదులైంది. బ్లేడు ఊగుతోంది."

"దీంతో ఏం చేశారు?"

"పెయింటు డబ్బా మూత తీశాను."

"కత్తితోనా?"

"జేబులో అదే ఉంది మరి."

"దానికి స్క్రూడ్రైవరని ఒకటుంటుంది."

"అది ఇంట్లో ఉంది. డబ్బా నిచ్చెన మీదుంది. నేనూ నిచ్చెన మీదే ఉన్నాను."

షాపాయనకి ఒళ్ళు మండింది.

"ఇంతమందికి ఇచ్చానండీ. మా అక్క కిక్కురుమనలేదు. మా బావ దేనికైనా వంకపెట్టే మనిషి, ఆయనే నోరెత్తలేదు. మీ ఒక్కరి చేతిలోనే ఎందుకు విరుగుతుంది, ఎందుకు ఊగుతుంది?"

"తెలీదండీ."

"నాకు తెలుసు. మీకు కత్తి వాడ్డం రాదు."

అక్కడితో ఆగితే బాగుండేది.

"అన్నట్టు, నా కత్తి కనబడటంలేదు. పోయినసారి మీరొచ్చినప్పుడు ఈ బల్ల మీదే ఉన్నట్టు గుర్తు."

ఫిర్యాదు ఒక్క క్షణం చూశాడు. తర్వాత జేబులు రెండూ బల్ల మీద ఖాళీ చేశాడు.

తాళంచెవి. పురికొస ఉండ. నున్నగా చెక్కిన పెన్సిలు ముక్క. చెత్తబుట్ట దొరక్క దాచుకున్న నారింజ తొక్క. వాటి పక్కన సీల వదులైన కత్తి.

"చూసుకోండి," అన్నాడు.

షాపాయన గోడకేసి చూశాడు.

ఫిర్యాదు ఒక్కొక్కటే తిరిగి జేబులో వేసుకున్నాడు, నారింజ తొక్కతో సహా. కత్తి మాత్రం తీసుకోలేదు.

"మంచి కత్తండీ. చేతికి అలవాటైపోయింది," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు షాపాయన. ఆ కత్తిని డ్రాయర్లో పడేశాడు.

తనకి కొత్తది చేసుకోవాలి. పాతదాని కొలతలు ఎక్కడా లేవు. డ్రాయర్లోదాన్ని మళ్ళీ ముట్టుకోవడానికి మనసొప్పలేదు. ఇచ్చినవాటిలో ఒకటి అడిగి తెచ్చుకుంటే సరి.

ముందు దర్జీ దగ్గరకెళ్ళాడు. దర్జీ బీరువా తాళం తీసి, పట్టుగుడ్డ మడతల్లోంచి కత్తిని రెండు చేతులా పైకి తీశాడు.

"పసిపాపలా చూసుకుంటున్నానండీ. గాలి కూడా తగలనివ్వను."

అని, కుడుతున్న చొక్కా దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికాడు.

షాపాయన అక్కణ్ణుంచి అక్క ఇంటికి వెళ్ళాడు.

"నీ కత్తేదక్కా?"

"మంచం కింద ఉందిరా."

"మంచం కిందా?"

"కోడు కింద. మంచం ఊగి చచ్చేది. నీ కత్తి పెట్టాక మళ్ళీ ఊగితే ఒట్టు."

బావ మాత్రం తన కత్తిని పెట్టెతో సహా తెచ్చాడు. పెట్టెకి కట్టిన రిబ్బను కట్టినట్టే ఉంది.

"విప్పలేదేం బావా?"

"విప్పుదామనే కూర్చున్నానోయ్. ముడి గట్టిగా పడింది. కత్తెర దొరకలేదు."

"మరి బాగుందన్నావు?"

"బాగుండక? నువ్వు చేసిందేగా."

షాపాయన మంచినీళ్ళు కూడా తాగకుండా ఇంటికొచ్చేశాడు. కూతురు ఎదురొచ్చింది.

"నాన్నా, నీ కత్తి దొరికింది. చలికోటు ఉతుకుదామని తీస్తే జేబులో ఉంది."

చలి పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఎండలు మాడుస్తున్నాయి. ఇన్నాళ్ళూ జేబులో లేదన్న సంగతి, జేబు తడుముకున్న రోజు దాకా ఆయనకి తెలీనే తెలీదు.

మర్నాడు డ్రాయర్లోంచి ఫిర్యాదు కత్తి తీశాడు. పిడి చెక్క చెమటకి నల్లబడి, వేళ్ళు పట్టుకునే చోట నున్నగా గుంటపడింది. పదును పెట్టీ పెట్టీ బ్లేడు సన్నబడింది. మొన దగ్గర పెయింటు మరక. మడత తెరిస్తే నారింజ వాసన.

కూతురు ఆ కత్తిని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరిది నాన్నా?"

"ఫిర్యాదుది."

"అసలు పేరు?"

షాపాయన ఆలోచించాడు. అడిగినట్టు గుర్తులేదు.

"అమ్మ పోయాక నీ పనికి వంకపెట్టిన మనిషి ఆయనొక్కడే అనుకుంటా," అంది కూతురు, కత్తి తిరిగిస్తూ.

ఆ తర్వాత షాపాయన, దారిలో ఎక్కడ నిచ్చెన కనబడినా ఆగి తలెత్తి చూడటం మొదలుపెట్టాడు. ఒకాయన పైనుంచి "ఏం కావాలండీ?" అని కూడా అడిగాడు. ఏమీ లేదని వచ్చేశాడు.

ఆ కత్తి బాగుచేద్దామని తీసిన సుత్తి బల్ల మీదే ఉంది. ఎంత బిగువు కావాలో చెప్పాల్సింది, షాపాయన చేసిన కత్తిని కత్తిలా వాడిన ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి మళ్ళీ రాలేదు, సీల ఇంకా బిగించలేదు.