శెట్టిగారి రాగులు

ప్రభావతి కళ్లారా చూసింది.

ముసలి కూలీ బాబ్జాన్ నెత్తి మీది మూటను ఆశ్రమం గేటు దగ్గర దించాడు. అటూ ఇటూ చూశాడు. మూటమూతి విప్పి, గుప్పెడు రాగులు తీసి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు.

"ఏందప్పా ఆ పని?"

ముసలివాడు ఉలిక్కిపడ్డాడు.

"ఆకలికి తట్టుకోలేకపోతినమ్మా."

"ఆకలైతే నోరు తెరిచి అడగాల. తల్లీదండ్రీ లేని బిడ్డల కడుపు కొడతావా?"

బాబ్జాన్ ముడి విప్పి రాగులు మూటలోనే పోశాడు. తువ్వాలు కూడా దులిపి చూపించాడు.

"తప్పయిపాయనమ్మా," అని వెళ్లిపోయాడు.

ప్రభావతికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఆ రాగుల కోసం ఆమె పడ్డ పాట్లు ఆమెకే తెలుసు.

పుంగనూరులో ఆమె చూసుకునే క్రైస్తవ అనాథాశ్రమం అంతదాకా సముద్రం అవతలి నుంచి వచ్చే చందాలతో నడిచింది. యుద్ధం వచ్చింది. ఓడలు ఆగాయి, చందాలూ ఆగాయి. పిల్లల ఆకలి మాత్రం ఆగలేదు. ఆమె మదనపల్లెలో పెద్దమనుషుల ఇళ్లకు చెప్పులరిగేలా తిరిగింది. కుప్పం దాకా పోయి అడిగింది. అందరూ కాఫీ ఇచ్చి మర్యాదగా సాగనంపారు.

చివరికి ఊళ్లోనే రాగుల మండీ నడిపే గోపాలస్వామి శెట్టిని అప్పు అడిగింది.

"అప్పుకు జామీను కావాలమ్మా. మీకెవురుండారు? యేసుసామి వచ్చి చేవ్రాలు పెడతాడా?"

శెట్టి నవ్వాడు. మండీలో ఉన్నవాళ్లూ నవ్వారు. ప్రభావతి కళ్లు తుడుచుకుంటూ వచ్చేసింది.

ఆ వారమే శెట్టి దగ్గర మూటలు మోసే కూలీ బాబ్జాన్, నెత్తిన మూటతో ఆశ్రమానికి వచ్చాడు.

"మండీ నుంచి తెస్తినమ్మా. పిల్లోళ్లకు గంజి కాసిపొయ్యి."

అప్పటినుంచి ప్రతి సంత మరునాడూ మూట వచ్చింది. శెట్టి మనసు కరిగిందని ప్రభావతి పొంగిపోయింది. క్రిస్మస్ నాడు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి, మండీలోనే ఆయన మెడలో దండ వేసింది. "ఇదంతా యాలమ్మా" అంటూనే శెట్టి మెడ వంచాడు.

అంతటి ధర్మాత్ముడి సొమ్మును కూలివాడు కాజేస్తుంటే ఊరుకుంటుందా? నేరుగా మండీకి పోయి, అందరి ముందూ చెప్పేసింది.

శెట్టి ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి, బేరానికి వచ్చినవాళ్ల వైపు చూశాడు.

"అట్లనా? వాణ్ని ఈ పొద్దే పనిలోనుంచి తీసేస్తా," అన్నాడు.

మరుసటి వారం మూట రాలేదు. ఆపై వారమూ రాలేదు. గంజి పలచబడి పలచబడి వేడినీళ్లయింది. చిన్నపిల్లలు ఏడుపు కూడా మానేసి, ఎక్కడివాళ్లక్కడ పడుకునే ఉంటున్నారు. చూస్తూ కూర్చోలేక ప్రభావతి మళ్లీ మండీకి పరుగెత్తింది.

"శెట్టిగారూ, మా మీద కోపమొచ్చిందా? రాగులు యాల పంపలేదు?"

శెట్టి తలెత్తలేదు.

"బాబ్జాన్ సచ్చిపోయినాడమ్మా. దొంగని పేరు పడినాక ఈడ ఎవురూ పనియ్యలేదు. కూలి ఎతుక్కుంటా సోమలకు నడిసిపోతా, దోవలోనే పడిపోయినాడంట. తిని ఎన్ని దినాలయిందో ఏమో."

ప్రభావతికి గుండె కలుక్కుమంది. దొంగైనా మనిషే కదా.

"అయ్యో! పాపం ముసలాయన." ఆ వెంటే బతిమాలుతున్నట్టు అంది. "ఇంకెవురితోనైనా పంపండి సామీ. బిడ్డలు పస్తులుండారు."

"నేనెప్పుడు పంపినానమ్మా?" అన్నాడు శెట్టి. "మీరు దండ ఏస్తే, నలుగురిలో గొప్పగా ఉండాదని గమ్మునుండిపోతిని. ఆ పొద్దు అప్పు పుట్టక మీరు ఏడ్సుకుంటా పోయింది వాడు సూసినాడు. పేదోడి సొమ్మని తెలిస్తే ఆయమ్మ తీసుకోదు, నా పేరు సెప్పొద్దు సామీ అన్యాడు. వారమంతా మూటలు మోసినందుకు దుడ్డుకు బదులు నేను వాడికి కొలిసిచ్చిన కూలి గింజలమ్మా అవి."