ఏసీ వేసి చూడు

ఏసీ మీట నొక్కగానే పాత కారు రెండుసార్లు దగ్గి, మూడోసారికి ప్రాణం విడిచింది.

"మళ్లీ పోయింది బావా!" బానెట్ కింద నుంచి అరిచాడు మెకానిక్.

బావ నెత్తి పట్టుకున్నాడు.

ఆ కారు అతని తండ్రిది. వయసులో అతనికి అన్న, బెట్టులో కొత్తల్లుడు. దాన్ని ఉంచిన షెడ్డు రేపు కూల్చేస్తున్నారు. ప్రకటన చూసిన ఎవరో నాలుగింటికల్లా వస్తానని మెసేజ్ పెట్టారు. ఆ మనిషి కొనకపోతే కారు తెల్లారి తుక్కు కొట్టుకే.

"రెండో బ్యాటరీ కూడా వేశావు కదరా!"

"వేశాను. దాన్నీ తాగేసింది. మీ నాన్నగారి బండి కదా, దాహమెక్కువ."

"తప్పు బ్యాటరీది కాదు" అంది ఓ కొత్త గొంతు.

గుమ్మంలో ముసలాయన. చేతిలో సైకిలు, మోకాళ్ల దాకా బురద.

"ఏసీ వేయగానే కీచుమంది, వినలేదూ? బెల్టు జారుతోంది. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ సరిగ్గా తిరక్కపోతే బ్యాటరీ ఒక్కటే ఎంతని మోస్తుంది?"

"తాతా, నీ సైకిలుకు ఏసీ పెట్టించావా ఏంటి?" నవ్వాడు మెకానిక్.

"పెట్టించాను. పల్లంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నాడు ముసలాయన తొణక్కుండా. "ఐడిలింగ్, అదే, బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగం, ఎలా పెట్టావు?"

"ఏసీ ఆపి. అందరూ అంతేగా!"

"ఖాళీ బండికి కట్టి ఎద్దు సత్తా చూస్తారటయ్యా? కాస్త పెంచి, ఏసీ వేసి, లైట్లూ వేసి, అప్పుడు సరిచెయ్యి."

"అదీ చూడరా, పోయేదేముంది" అన్నాడు బావ.

మెకానిక్ నవ్వుతూనే బెల్టు బిగించి, బావ చేత తోయించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. స్క్రూ తిప్పాడు. ఏసీ, లైట్లూ వేశాడు.

ఇంజన్ ఒక్క క్షణం తల వంచింది. వెంటనే తేరుకుని, నిలకడగా రాగం అందుకుంది. లోపల చల్లగాలి, దీపాల్లో నిండు వెలుగు.

"నా చెయ్యి పడితే అంతే బావా!" మీసం దువ్వాడు మెకానిక్.

ముసలాయన తలుపు మీద చెయ్యి వేశాడు. "ఒక్కసారి కూర్చుని చూడనా?"

"ఆ బురదతోనా?" బావ అడ్డం వచ్చాడు. "కొనేవాళ్లు వచ్చే వేళయింది. ఇక వెళ్లు పెద్దాయనా."

ఆయన తన కాళ్లకేసి ఓసారి చూసుకుని, సైకిలెక్కాడు.

నాలుగయింది. అయిదూ అయింది. ఎవరూ రాలేదు.

బావ ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"మూడింటికే వచ్చానుగా బాబూ" అంది ఇందాకటి గొంతు, వెనక ఏదో ఇంజన్ చప్పుడు. "ఇంకో బండి కొనుక్కుని దాంట్లోనే ఇంటికి పోతున్నా. ఏసీ లేని డొక్కే గానీ, వాళ్లు కూర్చోనిచ్చారు."